సరుకు దిగే దారి: ‘డాకర్ పుల్’ వెనుక జరిగేదేమిటి?

అనకాపల్లి మార్కెట్ యార్డుకు వచ్చిన వర్తకుడు ‘అనకాపల్లి బెల్లం’ అన్న పేరు విని డబ్బు చెల్లించడు. దిమ్మ రంగు చూస్తాడు. అంచు చిదిమి నోట్లో వేసుకుంటాడు. కాటా మీద తూకం చూస్తాడు. దేశంలోని బెల్లం మార్కెట్లలో రెండో పెద్దదిగా పేరుపడ్డ ఊరు ఇది. పేరు వేరు, సరుకు వేరు అన్న సంగతి ఇక్కడి వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇదే ఊళ్లో ఇప్పుడు ఇంకో రకం సరుకు కూడా దిగుతోంది. డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే పిల్లలు ల్యాప్‌టాప్ తెరిచి, నల్లటి తెర మీద ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్క వరుస కొడతారు. దాన్ని తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

డాకర్ పుల్ పైథాన్:3.12

ఎంటర్ నొక్కగానే తెర మీద ఏడెనిమిది వరుసలు కదలడం మొదలుపెడతాయి. ‘వెయిటింగ్’, ‘డౌన్‌లోడింగ్’, ‘వెరిఫైయింగ్ చెక్‌సమ్’, ‘ఎక్స్‌ట్రాక్టింగ్’, ‘పుల్ కంప్లీట్’. ఆఖరున అంకెలూ అక్షరాలూ కలగలిసిన పొడవాటి వరుస ఒకటి పడుతుంది. చాలామంది ఆ కదలిక ఆగేదాకా ఎదురుచూస్తారు గానీ, అక్కడ ఏం రాసి ఉందో చదవరు. నిజానికి పేరుకూ సరుకుకూ ఉన్న తేడాను కంప్యూటర్ ఎలా పట్టుకుంటుందో ఆ వరుసల్లోనే ఉంది. వాటిని చదవడం వస్తే డేటా ఆదా అవుతుంది, సమయం మిగులుతుంది, మోసం బయటపడుతుంది. ఒక్కో వరుసా విప్పి చూద్దాం.

కళాసీ పేరు పెట్టుకున్న పనిముట్టు

‘డాకర్’ అంటే ఓడరేవులో సరుకు ఎత్తి దించే మనిషి. మన విశాఖ రేవు మాటలో చెప్పాలంటే కళాసీ. ఒకప్పుడు ఓడలోకి సరుకు ఎక్కించాలంటే బస్తా ఒక తీరు, పీపా ఒక తీరు, పెట్టె ఒక తీరు. దేనికి తగ్గ పద్ధతి దానికి ఉండేది, ఓడ రోజుల తరబడి రేవులోనే నిలిచిపోయేది. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కమ్ మెక్‌లీన్ అనే రవాణా వ్యాపారి ‘ఐడియల్ ఎక్స్’ ఓడ మీద 58 అల్యూమినియం పెట్టెలను నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. లోపల ఏ సరుకున్నా పెట్టె కొలత ఒక్కటే. క్రేన్, లారీ, రైలు అన్నీ ఆ పెట్టెకు తగ్గట్టు మారాయి. మన విశాఖ రేవులో కూడా 2003 నుంచి కంటైనర్లకు ప్రత్యేకంగా టెర్మినల్ నడుస్తోంది.

సాఫ్ట్‌వేర్‌కూ అలాంటి చిక్కే ఉండేది. ‘నా మెషీన్‌లో బాగానే నడిచింది, సర్వర్‌లో ఎక్కిస్తే నడవట్లేదు’ అనే మాట ప్రోగ్రామర్ల నోట వినని రోజు ఉండదు. పైథాన్ భాష వెర్షన్ ఒకచోట ఒకటి, మరోచోట ఇంకొకటి. అవసరమైన లైబ్రరీ ఇక్కడ ఉంటే అక్కడ ఉండదు. దీనికి మందుగా ప్రోగ్రామునూ, దానికి కావలసిన లైబ్రరీలనూ, సెట్టింగులనూ ఒకే పెట్టెలో సర్దేశారు. సర్ది ఉంచిన పెట్టెను ‘ఇమేజ్’ అంటారు. దాన్ని తెరిచి నడిపిస్తే అది ‘కంటైనర్’.

ఈ ఆలోచనకు వేర్లు లోతుగానే ఉన్నాయి. ఒక ప్రోగ్రాముకు డిస్కులో ఒక మూల మాత్రమే కనబడేలా చేసే ‘సీహెచ్‌రూట్’ ఏర్పాటు 1979 నాటి యూనిక్స్‌లోనే ఉంది. ఒక్కో ప్రోగ్రాముల గుంపు ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ వాడుకోవచ్చో హద్దు గీసే ‘సీగ్రూప్స్’ మీద గూగుల్ ఇంజినీర్లు 2006లో పని మొదలుపెట్టారు. 2008 నాటికి అది లైనక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో, చేరింది. ఈ ముక్కలన్నింటినీ సామాన్య ప్రోగ్రామరు చేతికి అందేలా కలిపి, 2013 మార్చిలో సాంటా క్లారాలో జరిగిన పైథాన్ సదస్సులో సోలొమన్ హైక్స్ ఐదు నిమిషాల ప్రసంగంలో చూపించాడు. అదే డాకర్.

ఒక సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. ఇమేజ్‌లో కెర్నెల్ ఉండదు. నడిచేటప్పుడు కంటైనర్ ఆ కంప్యూటర్ కెర్నెల్‌నే వాడుకుంటుంది. పూర్తి ఉబుంటు డిస్కు దించుకోవాలంటే గిగాబైట్లు కావాలి, ఉబుంటు ఇమేజ్‌కు కొన్ని పదుల మెగాబైట్లు చాలు. ఈ తేడాకు అదొక కారణం.

చిన్న పేరు, పెద్ద చిరునామా

మనం కొట్టింది ‘పైథాన్:3.12’ అని చిన్న పేరే. పోస్టు కవరు మీద పేరొక్కటే రాస్తే ఉత్తరం చేరదు, ఊరూ వీధీ ఉండాలి. మనం వదిలేసిన ఆ భాగాలను డాకర్ తనే పూరించుకుంటుంది. పూర్తి చిరునామా ఇది: డాకర్.ఐఓ/లైబ్రరీ/పైథాన్:3.12.

మొదటి ముక్క రిజిస్ట్రీ, అంటే ఇమేజ్‌లు నిల్వ ఉండే గోదాము. ఏదీ చెప్పకపోతే డాకర్ హబ్ అనే అనుకుంటుంది. ఈ హబ్ 2014లో మొదలైంది. ఇప్పుడు గిట్‌హబ్‌కు, గూగుల్‌కు, అమెజాన్‌కు, మైక్రోసాఫ్ట్‌కు, రెడ్‌హ్యాట్‌కు వేర్వేరు రిజిస్ట్రీలున్నాయి. ఏ సంస్థయినా సొంతంగానూ నడుపుకోవచ్చు. రెండో ముక్క ఖాతా పేరు. ‘లైబ్రరీ’ అని ఉంటే అది డాకర్ పర్యవేక్షణలో తయారయ్యే అధికారిక ఇమేజ్. మూడోది సరుకు పేరు. రెండు చుక్కల తర్వాత వచ్చేది ట్యాగ్, అంటే పెట్టె మీద అంటించిన చీటీ.

ట్యాగ్ రాయకపోతే డాకర్ ‘లేటెస్ట్’ అని చేర్చుకుంటుంది. ఆ మాట చూసి అన్నిటికన్నా కొత్త వెర్షనే వస్తుందనుకుంటే పొరపాటు. ‘లేటెస్ట్’ కూడా మామూలు చీటీయే. తయారుచేసినవాళ్లు దాన్ని ఏ పెట్టె మీద అంటిస్తే ఆ పెట్టే వస్తుంది.

గోదాముతో నాలుగు మాటలు

చిరునామా తేలాక అసలు సంభాషణ మొదలవుతుంది. వెబ్‌పేజీ తెరవడానికి బ్రౌజర్ వాడే హెచ్‌టీటీపీఎస్ పద్ధతిలోనే ఇదీ నడుస్తుంది.

మొదటి మాట: డాకర్ వెళ్లి తలుపు తడుతుంది. హబ్ 401 అని జవాబిస్తుంది. ‘నువ్వెవరో తెలియదు, ఫలానా చోటికి వెళ్లి చీటీ తెచ్చుకో’ అని దాని అర్థం. డాకర్ అక్కడికి వెళ్లి టోకెన్ తీసుకుంటుంది. ఖాతా లేనివారికి కూడా బహిరంగ ఇమేజ్‌ల కోసం టోకెన్ ఇస్తారు. హబ్ ఇచ్చే టోకెన్ గడువు ఐదు నిమిషాలు.

రెండో మాట: టోకెన్ చూపించి ‘పైథాన్ 3.12 మేనిఫెస్ట్ ఇవ్వు’ అని అడుగుతుంది. రేవులో ఓడతో పాటు వచ్చే సరుకు జాబితాను మేనిఫెస్ట్ అంటారు, ఇక్కడా అదే పేరు. ముందుగా వచ్చేది జాబితాల జాబితా. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు ఒక ఇమేజ్, కొత్త ఆపిల్ ల్యాప్‌టాప్‌లలో, రాస్ప్‌బెర్రీ పైలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్లకు మరొకటి అని అందులో ఉంటుంది. మన యంత్రానికి తగినదాన్ని డాకరే ఎంచుకుంటుంది. ఎవరైనా ఒక రకానికి మాత్రమే ఇమేజ్ తయారుచేసి పెట్టి, దాన్ని వేరే రకం యంత్రంలో నడపబోతే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అని మొండికేస్తుంది. గంటల తరబడి తల పట్టుకునేలా చేసే ఈ ఎర్రర్‌కు చాలాసార్లు కారణం ఇంతే.

మూడో మాట: మన రకానికి చెందిన మేనిఫెస్ట్ వస్తుంది. కొన్ని కిలోబైట్లు మించని చిన్న కాగితం. ఇమేజ్‌లో ఎన్ని పొరలున్నాయి, ఒక్కో పొర ఎన్ని బైట్లు, ఒక్కో పొర వేలిముద్ర ఏమిటి అన్నది అందులో ఉంటుంది. అంటే అసలు సరుకు ఒక్క బైటు కూడా దిగకముందే దాని తూకం, గుర్తు మన చేతికొస్తాయి.

నాలుగో మాట: ఇప్పుడు పొరలను ఒక్కొక్కటీ అడుగుతుంది. మామూలుగా ఒకేసారి మూడు పొరలు దిగుతాయి, మిగతావి ‘వెయిటింగ్’లో నిలబడతాయి. తెర మీద కనిపించే ఆ మాటకు అర్థం ఇదే, మీ నెట్ ఆగిపోయిందని కాదు.

ఈ సంభాషణకు వ్యాకరణం ఏదో ఒక సంస్థ సొత్తుగా ఉండకూడదని 2015 జూన్‌లో ‘ఓపెన్ కంటైనర్ ఇనిషియేటివ్’ ఏర్పడింది. ఇమేజ్ ఎలా ఉండాలి, ఎలా నడవాలి అన్న ప్రమాణాల తొలి పూర్తి రూపం 2017లో వచ్చింది, రిజిస్ట్రీతో ఎలా మాట్లాడాలన్నది 2021లో వచ్చింది. అందువల్లే డాకర్ బదులు పాడ్‌మ్యాన్, నెర్డ్‌సీటీఎల్, స్కోపియో లాంటి వేరే పనిముట్లతోనూ ఏ రిజిస్ట్రీ నుంచైనా సరుకు దించుకోవచ్చు.

పొర మీద పొర

ఇమేజ్ ఒకే ముద్దగా ఎందుకు లేదు? ఇక్కడే ఈ పద్ధతి చాతుర్యమంతా ఉంది. పైథాన్ ఇమేజ్ అడుగున డెబియన్ లైనక్స్ ఫైళ్లుంటాయి. దాని మీద ప్రోగ్రాములు కట్టడానికి కావలసిన పనిముట్ల పొరలు, వాటి మీద పైథాన్. మీరు మీ ప్రోగ్రామును ఆ పైన ఇంకో పొరగా పెడతారు. ఇన్ని పొరలనూ ఒకే ఫోల్డరుగా చూపించే పని లైనక్స్‌లో ‘ఓవర్‌లే’ అనే ఫైల్ వ్యవస్థది. ఇది 2014 చివర్లో కెర్నెల్‌లో చేరింది. గాజు పలకల మీద ఒక్కో భాగం గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి పైనుంచి చూస్తే ఒకే బొమ్మగా కనబడినట్టే ఇదీ.

లాభం ఏమిటంటే, నోడ్ ఇమేజ్ కూడా అదే డెబియన్ పొరల మీద కట్టినదైతే, పైథాన్ దించుకున్నవాళ్లకు ఆ అడుగు పొరలు మళ్లీ దిగవు. తెర మీద ‘ఆల్రెడీ ఎగ్జిస్ట్స్’ అని వస్తుంది. మీ ప్రోగ్రాములో రెండు వరుసలు మార్చి మళ్లీ పంపితే, అవతలివాళ్లకు ఆ పై పొర ఒక్కటే దిగుతుంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద చదువుకునే పిల్లలకు ఇది చిన్న మేలు కాదు.

పొరలతో ఒక ప్రమాదం కూడా ఉంది. కింది పొరలో ఉన్న ఫైలును పై పొరలో ‘తొలగించాను’ అంటే అది నిజంగా పోదు. పై పలక మీద ఒక సున్నం మరక పడి, కింద ఉన్నది కనబడకుండా పోతుంది, అంతే. ఇమేజ్ దించుకున్నవారెవరైనా ఆ కింది పొరను విడిగా విప్పి చూడవచ్చు. పాస్‌వర్డు ఉన్న ఫైలును ఒక మెట్టులో చేర్చి, తర్వాతి మెట్టులో తీసేశానని ధీమాగా ఉండేవాళ్లు ఈ మాట మనసులో గట్టిగా నాటుకోవాలి. రహస్యాన్ని ఇమేజ్‌లో పెట్టనే కూడదు.

చీటీ మారుతుంది, వేలిముద్ర మారదు

ప్రతి పొరకూ వేలిముద్ర ఉంటుందన్నాం. అది ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత పద్ధతిలో తయారవుతుంది. ఫైలు ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా ఫలితం 256 బిట్లే. దాన్ని 64 గుర్తులతో రాస్తారు. పుల్ పూర్తయ్యాక తెర చివర ‘డైజెస్ట్’ అనే మాట పక్కన కనబడే పొడవాటి వరుస అలాంటిదే, అది మేనిఫెస్ట్‌కు పడిన వేలిముద్ర. ఫైలులో ఒక్క బిట్టు మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. సాధ్యమయ్యే ముద్రల సంఖ్య రాయాలంటే 78 అంకెలు కావాలి. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే ముద్ర పడిన సందర్భం ఇప్పటిదాకా ఎవరికీ ఎదురుకాలేదు.

పొర దిగగానే డాకర్ తన దగ్గర మళ్లీ లెక్క కట్టి, మేనిఫెస్ట్‌లో ఉన్న ముద్రతో సరిపోల్చుతుంది. ‘వెరిఫైయింగ్ చెక్‌సమ్’ అంటే ఇదే. విప్పిన తర్వాత లోపలి సరుకు మీద ఇంకోసారి లెక్క కడుతుంది. దారిలో నెట్ తడబడి ఒక అక్షరం చెడినా, మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టినా ఇక్కడ బయటపడుతుంది. బెల్లం యార్డులో కాటా చేసే పనిని ఇక్కడ ఈ గణితం చేస్తుంది.

అయితే ఈ తనిఖీ ఒక ప్రశ్నకే జవాబు చెబుతుంది: నేను అడిగిందే నాకు వచ్చిందా? అడిగినది మంచిదా కాదా అన్నది దానికి తెలియదు. 2018 మేలో డాకర్ హబ్‌లో ఒకే ఖాతా కింద ఉన్న 17 ఇమేజ్‌లను తొలగించారు. జనం ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్ల పేర్లు పెట్టి, లోపల క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రాములను దాచారు. తొలగించేనాటికి వాటిని 50 లక్షల సార్లకు పైగా దించుకున్నారు. వేలిముద్రలన్నీ సరిగ్గానే ఉన్నాయి, సరుకే చెడ్డది.

ట్యాగ్ విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఇవాళ ‘పైథాన్:3.12’ అన్న చీటీ ఒక పెట్టె మీద ఉంటుంది. భద్రతా లోపాలు సరిచేసి కొత్త పెట్టె కట్టినప్పుడు అదే చీటీని దాని మీదికి మారుస్తారు. నేర్చుకునేటప్పుడు ఇది మంచిదే, కొత్త సరుకు దానంతటదే వస్తుంది. కానీ ఆసుపత్రి రికార్డులనో, బ్యాంకు లెక్కలనో చూసే సర్వర్ల మీద నిన్న పరీక్షించినదే ఇవాళ నడవాలి. అక్కడ ట్యాగ్ బదులు, పేరు తర్వాత @ గుర్తు పెట్టి పూర్తి వేలిముద్ర రాసి పుల్ చేస్తారు. అప్పుడు ఆ ఒక్క పెట్టె తప్ప వేరేది రావడానికి వీల్లేదు. తయారుచేసినది ఎవరో రుజువు కావాలంటే డిజిటల్ సంతకాలున్నాయి. వాటి కోసం 2021 నుంచి వాడుకలోకి వచ్చిన ‘సిగ్‌స్టోర్’ ప్రాజెక్టు పనిముట్లు ఉచితం.

ల్యాబ్‌లో అరవై మంది

ఇక మన ఊరి పరిస్థితికి వద్దాం. ఒక కళాశాల ల్యాబ్‌లో అరవై కంప్యూటర్లున్నాయని, అందరికీ కలిపి 50 మెగాబిట్ల నెట్ ఉందని అనుకుందాం. దించాల్సిన ఇమేజ్ 400 మెగాబైట్లు. అరవై మందీ ఒకేసారి పుల్ కొడితే మొత్తం 24 గిగాబైట్లు. నెట్ ఒక్క క్షణం కూడా తడబడకపోయినా గంటకు పైగా పడుతుంది. ల్యాబ్ పీరియడు అక్కడితో సరి.

మరో అడ్డంకి కూడా ఉంది. 2020 నవంబరు నుంచి డాకర్ హబ్ ఉచిత వాడకానికి హద్దు పెట్టింది. లాగిన్ కాకుండా దించుకునేవారికి ఒక ఐపీ చిరునామాకు ఆరు గంటల్లో 100 పుల్‌లు. ఉచిత ఖాతాతో లాగిన్ అయితే 200. ల్యాబ్ మొత్తం బయటి ప్రపంచానికి ఒకే ఐపీ చిరునామాగా కనబడుతుంది. తలా రెండు ఇమేజ్‌లు దించబోతే వంద దాటిపోతుంది, మిగిలినవాళ్లకు 429 అనే జవాబు, ‘టూ మెనీ రిక్వెస్ట్స్’ అనే సందేశం వస్తాయి. తప్పు తమదేనని పిల్లలు బెంబేలెత్తుతారు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు.

దీనికి ఖర్చులేని దారులున్నాయి. మొదటిది, ల్యాబ్‌లోనే చిన్న గోదాము. రిజిస్ట్రీ సాఫ్ట్‌వేర్ కూడా ఇమేజ్‌గానే దొరుకుతుంది. ఒక పాత కంప్యూటర్‌లో దాన్ని నడిపి, హబ్‌కు అద్దంలా పనిచేసేటట్టు సెట్ చేసి, మిగతా కంప్యూటర్ల డాకర్ సెట్టింగుల్లో ‘రిజిస్ట్రీ మిర్రర్’గా దాని చిరునామా రాస్తే చాలు. మొదట అడిగినవారి కోసం పొరలు బయటి నుంచి ఒక్కసారి దిగుతాయి. ఆ 400 మెగాబైట్లకు నిమిషం పైచిలుకు. తర్వాత అరవై మందికీ ల్యాబ్ తీగల మీదుగానే అందుతాయి.

రెండోది, అసలు నెట్టే లేనిచోట పనికొచ్చేది. ‘డాకర్ సేవ్’ అనే ఆజ్ఞతో ఇమేజ్‌ను ఒకే ఫైలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. ఇంకో కంప్యూటర్‌లో ‘డాకర్ లోడ్’తో దించుకోవచ్చు. చోడవరంలోనో మాడుగులలోనో ఉన్న స్నేహితుడికి బస్సులో వెళ్లేవారి చేతికిచ్చి పంపినా అదే ఇమేజ్ చేరుతుంది.

మూడోది, అవసరానికి తగ్గ సైజు ఎంచుకోవడం. పైథాన్ పూర్తి ఇమేజ్ విప్పితే ఒక గిగాబైటుకు అటూఇటూగా ఉంటుంది. ‘స్లిమ్’ అన్న ట్యాగ్ పెట్టుకుంటే 150 మెగాబైట్ల లోపే. పాఠాలకు, చిన్న ప్రాజెక్టులకు అది సరిపోతుంది. ‘ఆల్పైన్’ ఇంకా చిన్నది. కానీ అందులోని మూల సీ లైబ్రరీ వేరు. కొన్ని పైథాన్ ప్యాకేజీలు దానితో పేచీ పెడతాయి కాబట్టి కొత్తవారు స్లిమ్‌తో మొదలుపెట్టడం మేలు. దించుకునే ముందే ఇమేజ్ వివరాలు చూడాలంటే ‘స్కోపియో ఇన్‌స్పెక్ట్’ అనే ఆజ్ఞ ఉంది. అది సరుకు ముట్టకుండా జాబితా చదివి చెబుతుంది.

రాంబిల్లికి రాబోయేది

ఇదంతా అనకాపల్లి పిల్లలకు ఎందుకు? 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లాను బయటివాళ్లు బెల్లంతో, చెరకుతో గుర్తుపడతారు. చెరకు మీద పరిశోధించే వ్యవసాయ కేంద్రం ఇక్కడ 1913 నుంచి ఉంది. పొలం పనికి శాస్త్రం తోడైతే ఏమవుతుందో ఈ నేలకు నూరేళ్లుగా తెలుసు. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖ ప్రాంతంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా సెంటర్ల కేంద్రం కడతామని ప్రకటించింది. దానికి ప్రతిపాదించిన స్థలాల్లో మన జిల్లాలోని రాంబిల్లి ఒకటి. తమ సంస్థలో నడిచే ప్రతి ప్రోగ్రామూ కంటైనర్లోనే నడుస్తుందని, వారానికి 200 కోట్లకు పైగా కంటైనర్లు మొదలుపెడతామని ఆ సంస్థ ఇంజినీరే 2014లో చెప్పాడు.

భవనం మన నేల మీద లేచినంత మాత్రాన అందులోని పని మన పిల్లలకు దక్కదు. గేటు దగ్గర కాపలా ఉద్యోగానికీ, లోపల యంత్రాలను నడిపించే ఉద్యోగానికీ మధ్య ఉన్నది చదువే. ఆ చదువులో తొలి పాఠం ఖరీదైన కోర్సులో లేదు. ఉచితంగా దొరికే ఒక పనిముట్టులో, అది తెర మీద చూపే పది వరుసల్లో ఉంది.

కాబట్టి ఈసారి ‘పుల్’ కొట్టినప్పుడు లేచి వెళ్లిపోకండి. ఏ గోదాము నుంచి వస్తోందో చూడండి. ఎన్ని పొరలు కొత్తగా దిగాయో, ఎన్ని ముందే ఉన్నాయో లెక్కపెట్టండి. ఆఖరున వచ్చే డైజెస్ట్‌ను నోట్‌బుక్‌లో రాసుకుని, పక్కవారి తెర మీద ఉన్నదానితో పోల్చండి. రెండూ ఒకటే అయి, ఇద్దరి యంత్రాల్లోనూ ఒకే రకం ప్రాసెసర్ ఉంటే, మీ ఇద్దరి దగ్గరా ఉన్నది అక్షరం తేడా లేని ఒకే సరుకు. వేరైతే ఎందుకు వేరో వెతకండి. ఆ వెతుకులాటలోనే మీరు ఇంజినీరవుతారు.